పడటం వచ్చిన మనిషి

అతన్ని అందరూ పరుపు అంటారు. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అద్దాలు అరగదీసే మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఇరవై రెండేళ్ళ కిందట జూడో హాల్లో మాస్టారు పెట్టిన పేరది. పోటీల్లో ఒక్కసారి గెలిచిన పాపాన పోలేదు గానీ, పడటంలో మాత్రం అతనికి సాటి లేరు. ఎవరు ఎటు విసిరినా ఒళ్ళు గుండ్రంగా చేసుకుని, చేత్తో మ్యాట్ మీద ఒక్క చరుపు చరిచి, దులుపుకుని లేచేవాడు. విసిరినవాళ్ళకి తామేదో ఘనకార్యం చేశామనిపించేది. అందుకని ప్రాక్టీసుకి అతనే కావాలని అందరూ ఎగబడేవారు. అలా ఎగబడినవాళ్ళలో ఒకావిడ అతన్ని పెళ్ళి కూడా చేసుకుంది.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు పెట్టుకుని, చేతులు వణికేవాళ్ళని రోడ్డు మీదికి తీసుకెళ్ళే పని. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, ఓపిక మాత్రం బొత్తిగా తక్కువ. అతను "డ్రైవరమ్మా" అంటే, ఆమె "ఏం పరుపూ" అంటుంది. వాళ్ళ సరాగం అంతే. ఇంట్లో అతని తల్లి కూడా ఉంది. సోఫా గోడకి జరిపి, హాల్లో మందపాటి చాప పరిచి, మొగుణ్ణి నేలకేసి కొట్టే కోడలు లోకంలో తనకొక్కదానికే దొరికిందని పెద్దావిడ ఇరుగుపొరుగుతో చెప్పుకుంటుంది. ఆ చెప్పుకోవడంలో బాధ ఎంతో గర్వం ఎంతో వాళ్ళకి ఇప్పటికీ తేలలేదు.

జూడోలో ఆమెకి ఒక విసురు ఉండేది. అవతలి మనిషి కుడిచెయ్యి తన చంకలో ఇరికించుకుని, గిర్రున వెనక్కి తిరిగి, వీపు మీదికి ఎత్తుకుని ముందుకి విసిరెయ్యడం. అవతలివాళ్ళు వెల్లకిలా పడ్డారా, ఇక ఆట ముగిసినట్టే. నాలుగేళ్ళ కిందట భుజానికి ఆపరేషన్ అయినప్పుడు ఆ విసురు సంగతి మర్చిపొమ్మని డాక్టరు చెప్పాడు. ఆమె మర్చిపోలేదు. ఏడు నెలల తర్వాత మళ్ళీ మొగుణ్ణి విసిరింది. ఆ రోజు మ్యాట్ మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది. తను ఇంకా తనే అని ఆమెకి నమ్మకం చిక్కింది ఆ రోజే.

మాస్టారు పోయాక జూడో హాలు మూతపడింది. ఊరుకునే మనిషా ఆమె? నలభై ఒకటో ఏట జియు జిట్సు క్లబ్బులో చేరింది, పరుపుని కూడా లాక్కెళ్ళి చేర్పించింది. అక్కడ అంతా తలకిందులు. ఎంత గొప్పగా విసిరినా రెండంటే రెండే పాయింట్లు. అసలు కథ కిందపడ్డాక మొదలవుతుంది. పైగా జియు జిట్సు వాళ్ళు నిటారుగా నిలబడరు, నడుము వెనక్కి పెట్టి వంగిపోయి ఉంటారు. వాళ్ళకి వీపు చూపించారా, ఎగిరి ఆ వీపెక్కి మెడకి చెయ్యి చుట్టేస్తారు. ఆమె విసురేమో మొదలవడమే వీపు చూపించి మొదలవుతుంది. అయినా పంతం. నలభై దాటిన ఆడవాళ్ళ పోటీకి పేరిచ్చింది. గెలుపు సంగతి తర్వాత, తన విసురు ఒక్కసారి ఆ మ్యాట్ మీద పడితే చాలంది. పోటీకి ఆరు వారాలు ఉంది.

క్లబ్బు కోచ్ ముప్పై కూడా నిండని పిల్ల. వీళ్ళిద్దర్నీ అక్కా, అన్నయ్యా అంటుంది. వీపు ఏ క్షణంలో దొరికిపోతోందో చూపించడానికి ఒక రోజు వాళ్ళ ప్రాక్టీసు ఫోన్లో వీడియో తీసింది. సాయంత్రం ఆమె బట్టలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు పరుపుని పక్కకి పిలిచి, ఆ వీడియో బాగా నెమ్మదిగా నడిపి చూపించింది. చూపించింది అక్క వీపు కాదు, అన్నయ్య కాళ్ళు.

"అక్క చెయ్యి లాగకముందే మీ మడమలు లేస్తున్నాయి అన్నయ్యా. అక్క మిమ్మల్ని ఎత్తట్లేదు. మీరే ఎక్కుతున్నారు."

ఆ పిల్ల తప్పు పట్టినట్టు అనలేదు, మామూలుగానే అంది. పోటీలో అవతలావిడ ఇలా ఎగరదు కదా, నేను చెప్పడం కన్నా మీరు చెప్తేనే బాగుంటుందేమో అంది. అని ఆ వీడియో ఫోన్లోంచి చెరిపేసింది కూడా.

నిజం చెప్పాలంటే అతనికి తెలియని విషయమేమీ కాదు. ఆపరేషన్ తర్వాత ఏడు నెలలకి ఆమె అతని చెయ్యి పట్టుకుని తిరిగిన మొదటి రోజున, ఆ భుజంలో బలం లేదని అతని ఒంటికి అర్థమైపోయింది. ఒక్క అంగుళం ఎగిరాడు, అంతే. ఆమె విసిరింది, ఏడ్చింది, నవ్వింది. ఆ మొహం చూసి ఎవరు మాత్రం నిజం చెప్పగలరు? మర్నాడు కూడా ఎగిరాడు. నెలయ్యేసరికి అలవాటైంది. ఏడాది అయ్యేసరికి ఎగురుతున్నానన్న సంగతి అతనే మర్చిపోయాడు. ఇప్పుడు వీడియో చూస్తే కాళ్ళు తనవే గానీ, వాటిని లేపింది తను కానట్టుంది.

ఇక చూడాలి అతని అవస్థ. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. షాపులో అరగదీస్తున్న అద్దం కొలత తప్పి, ఎవరికో కుడికంటికి వెయ్యాల్సింది ఎడమకంటికి బిగించాడు. ఇంట్లో చెబుదామని నోరు తెరుస్తాడు, నీళ్ళు నములుతాడు, కాఫీ చల్లారిందంటాడు. "వీడికేదో అయిందే" అని తల్లి కోడలితో అంది. కోడలు వినే స్థితిలో ఉంటేగా! ఆమె వంటగదిలో, మెట్ల మీద, ఎక్కడ నిలబడితే అక్కడ సగం తిరిగి, మళ్ళీ తిరిగి, మోకాళ్ళు వంచి చూసుకుంటోంది. చెప్తే ఆమె పోటీ మానేస్తుంది. చెప్పకపోతే పోటీలో పరాయి మనిషి చేతిలో తెలుసుకుంటుంది. రెండూ అతని గుండెలో రాళ్ళే.

ఆరో రోజు పొద్దున ఆమె తన స్కూలు కారులో అతన్ని షాపు దగ్గర దింపడానికి తీసుకెళ్తోంది. అతను ముందు ఆమె పక్క సీట్లో కాకుండా వెనక కూర్చున్నాడు, మొహం కనపడకుండా. సగం దారిలో ఉన్నట్టుండి చెప్పేశాడు. ఆపరేషన్ తర్వాత నుంచి ఎగురుతున్నానన్నాడు. మొదట కావాలనే ఎగిరాను, ఇప్పుడు తెలియకుండానే ఎగురుతున్నాను అన్నాడు.

ఆమె కారు రోడ్డు పక్కకి తీసి ఆపింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు. అద్దంలోంచి అతన్ని చూస్తూ చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఎప్పుడైనా నా బ్రేకు తొక్కాల్సి వస్తే, అప్పుడే చెప్పేస్తాను, ఇప్పుడు తొక్కింది మీరు కాదు, నేను అని. చెప్పకపోతే ఏమవుతుందో తెలుసా? వాళ్ళే ఆపామనుకుంటారు. రేపు ఒంటరిగా వెళ్ళి ఎవర్నో గుద్దేస్తారు."

ఆమె కారు స్టార్ట్ చేసి షాపు దగ్గర దింపి వెళ్ళిపోయింది. రెండు రోజులు మాటల్లేవు. ఉప్పు కావాలన్నా అత్తగారికి చెప్పేది, అత్తగారు కొడుక్కి చెప్పేది. మూడో రోజు పొద్దున ఆరింటికి సోఫా జరిపిన చప్పుడైంది. అతను లేచి వెళ్ళేసరికి ఆమె చాప మీద నిలబడి ఉంది. "రా. ఎగరకు," అంది.

అతను ఎగరలేదు. ఎనభై రెండు కిలోల మనిషి, నేలలో పాతేసినట్టు నిలబడ్డాడు. ఆమె తిరిగింది, లాగింది, ఆ భుజం ఒకసారి కటుక్కుమంది, అతను కదల్లేదు. మళ్ళీ తిరిగింది. ఇరవై సార్లు, ముప్పై సార్లు. ఆమె మొహం కందగడ్డలా అయింది. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎగిరితే ఒక్క క్షణంలో అయిపోయేదానికి, ఎగరకుండా నిలబడటం అంత కష్టమని అతనికి అంతవరకూ తెలియదు.

వారం గడిచాక ఒకసారి అతను పడ్డాడు. నిజంగా పడ్డాడనే అనుకున్నాడు. ఆమె మాత్రం పైనుంచి చూసి "ఎగిరావు" అంది. లేదన్నాడు. ఎగిరావంది. మర్నాడూ అంతే. ఇదీ అసలు చిక్కు. నాలుగేళ్ళ అబద్ధం ఒప్పుకున్న నోటితో ఇప్పుడు నిజం చెప్తే ఎవరు వింటారు? కోచ్ చేత మళ్ళీ వీడియో తీయించాడు. అందులో మడమలు కాస్త లేచినట్టూ ఉన్నాయి, లేవనట్టూ ఉన్నాయి. చీలమండలకి ఇసుక సంచులు కట్టుకుని నిలబడ్డాడు. "సంచులతో సహా ఎగిరావు," అంది. నవ్వాలో ఏడవాలో తెలియక చూశాడు. ఆమె నవ్వట్లేదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, అతనికే తెలియదు. పడిన ప్రతిసారీ తనలో తనే వెతుక్కునేవాడు. ఇప్పుడు ఎగిరానా? ఆమె తిరిగే ముందు ఒంట్లో ఒక చిన్న కదలిక, రా అని పిలిచినట్టు. అది తను ఒప్పుకోవడమా, ఆమె లాగడమా? షాపులో అద్దం పట్టుకుని నిలబడితే మడమలు వాటంతటవే లేచేవి. పడుకున్నా పాదాలు కుదురుగా ఉండేవి కావు. "పోనీ క్లబ్బులో ఇంకెవరితోనైనా ప్రాక్టీసు చెయ్యి," అని ఒకరోజు బతిమాలాడు.

"వాళ్ళని పడేస్తే వాళ్ళు పడ్డారని తెలుస్తుంది," అందామె. "ఈ నాలుగేళ్ళూ నేనేం చేశానో తెలియాలంటే పడాల్సింది నువ్వు."

కోచ్ మాత్రం తన పని తను చేసుకుపోతోంది. పూర్తిగా తిరగొద్దు అక్కా అని పోరుతోంది. సగమే తిరిగి, విసురుతానని భయపెట్టి, అవతలి మనిషి భయపడి బరువంతా మడమల మీదికి వేసి వెనక్కి లాగిందంటే, అప్పుడు తిరగడం ఆపి ఆమె కాలికి లోపలి నుంచి నీ కాలు మెలిపెట్టి, అటే తోసెయ్యమంటుంది. నువ్వూ ఆమెతో పాటే పడు, పైన పడు, వీపు దొరకదు, రెండు పాయింట్లూ నీవే అంటుంది. డ్రైవరమ్మకి అది రుచించలేదు. విసురు మొదలుపెట్టి మధ్యలో వదిలెయ్యడం సగం పని అంది. "ఇక్కడ సగమే చాలక్కా," అంది కోచ్. ఆమె వినలేదు. ఆమెకి రెండు పాయింట్లు కాదు కావలసింది. అవతలి మనిషి తన వీపు మీదికి లేవాలి, తన బలంతో లేవాలి. ఆ మాట కోచ్‌కి చెప్పలేదు గానీ పరుపుకి తెలుసు.

పోటీ ఇంకో నాలుగు రోజుల్లో ఉందనగా బుధవారం మధ్యాహ్నం క్లబ్బుకి వెళ్ళారు. ఆ పొద్దున ఇంట్లో పెద్ద రభస అయింది. ఆమె పడేసింది, ఎగిరావంది, అతను మొదటిసారి ఎదురు తిరిగి గట్టిగా అరిచాడు. తల్లి వంటగదిలోంచి వచ్చి ఇద్దర్నీ తిట్టింది. ఆ వేడి ఇంకా చల్లారలేదు. ఇవాళ ఆకాశం ఊడిపడినా కదలనని అతను మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. నడుము వెనక్కి పెట్టి, మోకాళ్ళు వంచి, బరువంతా మడమల మీద మోపి, అచ్చం జియు జిట్సు వాళ్ళలాగే నిలబడ్డాడు.

ఆమె అతని కుడిచెయ్యి చంకలో ఇరికించుకుంది. తిరిగింది. అతను బలమంతా పెట్టి వెనక్కి లాగాడు. ఆ లాగిన క్షణంలోనే ఆమె తిరగడం ఆగిపోయింది. ముందుగా అనుకుని చేసిందో, పంతం మీద ఒళ్ళే చేసిందో, తర్వాత అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయింది. ఆమె కాలు అతని కాళ్ళ మధ్యకి దూరి మడమ వెనక మెలిపడింది, ఆమె భుజం అతని గుండె మీద పడింది. ఇరవై రెండేళ్ళుగా ముందుకి పడటానికి సిద్ధంగా ఉన్న మనిషి వెనక్కి పోయాడు. చరుపు చరచడానికి కుడిచెయ్యి లేదు, అది ఆమె చంకలో ఉంది. కుడిభుజం నేలకి తగిలింది, ఆమె బరువంతా దాని మీద పడింది. లోపలెక్కడో పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

కోచ్‌కి ఆ చప్పుడు వినపడలేదు. మూడు లెక్కలదాకా పైన నిలిస్తేనే పాయింట్లు గనక ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, "రెండు పాయింట్లక్కా! అంతే, అదే!" అని చప్పట్లు కొట్టింది. ఆమెకి మాత్రం వినపడింది. అతని మీద నుంచి లేచి, పాలిపోయిన అతని మొహం చూసి, తన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆసుపత్రికి తన స్కూలు కారులోనే తీసుకెళ్ళింది. అంత జాగ్రత్తగా ఆమె ఎప్పుడూ నడపలేదు. అయినా ప్రతి గుంతకీ అతనికి ప్రాణం పోయి వస్తోంది. దారంతా ఆమె ఒక్కటే మాట అంది. ఆదివారం పోటీకి నేను వెళ్ళట్లేదు అంది. అతనికి ఒక సంగతి చెప్పాలని ఉంది. ఇవాళ తనలో ఆ కదలిక లేదు. ఎటు పడుతున్నాడో నేల తగిలేదాకా తెలియలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి తనకే సందేహం లేదు. కానీ ఎలా చెప్తాడు? చెప్తే ఓదార్చడానికి అంటున్నావంటుంది.

ఎక్స్‌రే తీశారు. మెడ కింది ఎముక రెండు ముక్కలైంది. చేతికి పట్టీ కట్టి, బల్ల దగ్గర కూర్చున్న నర్సు ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కనే ఆమె నిలబడింది. నర్సు ఒక ఫారం తీసి, పేరూ వయసూ రాసుకుని, దెబ్బ ఎలా తగిలిందని అడిగింది.

"మెట్ల మీద కాలు జారి..." అన్నాడతను.

అనుకుని అనలేదు. పెళ్ళాం పడేసిందంటే నలుగురూ ఆమెని ఎలా చూస్తారోనని నోరు దానంతటదే అనేసింది. నర్సు రాయడం మొదలుపెట్టింది. అతను తలెత్తి చూశాడు. ఆమె మొహంలో కోపం లేదు, అలసట ఉంది. మళ్ళీనా అన్నట్టు ఒక్కసారి అతని వైపు చూసి, గోడ వైపు తిరిగింది. అప్పుడు అర్థమైంది అతనికి. ఇప్పుడు చేసింది కూడా అదే. ఇది కూడా ఎగరడమే.

"కాదు సిస్టర్, అది కొట్టెయ్యండి," అన్నాడు. "మా ఆవిడ పడేసింది."

నర్సు పెన్ను ఆగింది. ఒకసారి ఆమెని ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి, ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా, ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమనమంటారా అని అడిగింది.

"వద్దు, ఆవిడ వినాలి. నేను ఇరవై రెండేళ్ళుగా పడుతున్నాను సిస్టర్, పడటమే నాకొచ్చిన విద్య. ఒక్కరోజు ఒక్క గోరు కూడా విరగలేదు. ఇవాళ ఆవిడ నన్ను ఎటు పడేస్తోందో నాకు తెలీలేదు. తెలిసుంటే ఇలా విరిగేదా? అలాగే రాయండి."

నర్సుకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా మొదటిది కొట్టేసి, భార్య పడవేయడం వల్ల అని రాసింది. ఆమె గోడ దగ్గర నుంచి మెల్లగా వచ్చి, బల్ల మీదికి వంగి, ఆ వాక్యం చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. అతని కళ్ళలోకి చూసింది. నర్సు చూస్తుండగానే అతని ఎడమభుజానికి మొహం ఆనించి భోరుమంది. అతను మంచి చేత్తో ఆమె తల నిమిరాడు.

అంతలో ఆమె ఫోను మోగింది. కోచ్ కంగారుగా అన్నయ్యకి ఎలా ఉందని అడిగింది. ఆదివారం పోటీకి అక్క పేరు తీసెయ్యనా అని కూడా అడిగింది. ఆమె ముక్కు తుడుచుకుని, "ఉంచు," అంది. ఫోను పెట్టేశాక గుర్తొచ్చినట్టు అతని పట్టీ మీద చెయ్యి వేసింది.

"నొప్పిగా ఉందా?"

"చాలా," అన్నాడు. ఏమాత్రం తగ్గించి చెప్పలేదు.